ఏ వైడ్ యాంగిల్ లెన్సు కొనాలి? ముందు ఎంత దగ్గరికి వెళ్తారో తేల్చుకోండి

నా మొదటి వైడ్ లెన్సు 14 ఎం.ఎం. (ఇది ఫోకల్ లెంగ్త్, ఈ అంకె ఎంత చిన్నదైతే ఫ్రేములో అంత వెడల్పు పడుతుంది). దాన్ని కొన్న కొత్తలో తీసిన ఫొటోలు ఇప్పుడు తెరిచి చూస్తే నవ్వొస్తుంది. కింద సగం ఖాళీ నేల, పైన సగం ఖాళీ ఆకాశం, మధ్యలో చీమంత కొండ. కళ్లెదుట ఆకాశాన్ని తాకుతున్నట్టున్న కొండ ఫొటోలోకి వచ్చేసరికి మట్టికుప్పలా ఎందుకైందో చాన్నాళ్లు అర్థం కాలేదు. లెన్సు మంచిది కాదేమో అనుకున్నాను, సెట్టింగులు మార్చాను, సాఫ్ట్‌వేర్‌లో రంగులు దట్టించాను. తప్పు నా కాళ్లది. నిలబడ్డ చోటి నుంచి ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

"అన్నీ ఫ్రేములో పట్టాలి" అనే కోరికతో వైడ్ లెన్సు కొంటే జరిగేది ఇదే. ఎంత పడుతుంది అన్న ప్రశ్నతో లెన్సు ఎంచుకుంటే ఎప్పుడూ అతి పెద్ద కోణం ఉన్నదే గెలుస్తుంది, కొన్నాక అదే బీరువాలో పడి ఉంటుంది. మీరు తీసే వస్తువుకు ఎంత దగ్గరగా వెళ్లడానికి సిద్ధంగా ఉన్నారు, ఎంత దగ్గరగా వెళ్లే వీలుంది అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఎంపిక చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

## రెండు రాళ్ల లెక్క

ఒకే సైజు రాళ్లు రెండు ఉన్నాయనుకోండి. మొదటిది మీకు అర మీటరు దూరంలో ఉంది. రెండోది దానికి మూడు మీటర్లు వెనక, అంటే మీకు మూడున్నర మీటర్ల దూరంలో. ఫొటోలో మొదటి రాయి రెండోదానికంటే ఏడు రెట్లు పెద్దగా కనిపిస్తుంది. ఇప్పుడు వెనక్కి జరిగి మొదటి రాయికి మూడు మీటర్ల దూరంలో నిలబడండి. తేడా రెండు రెట్లకు పడిపోతుంది.

ఏ లెన్సు పెట్టినా ఈ లెక్క మారదు, ఎందుకంటే అది దూరాల లెక్క. వైడ్ లెన్సు "లోతు పెంచుతుంది" అని అందరూ అంటుంటారు గానీ, నిజానికి అది చేసే పని చిన్నది: అర మీటరు దూరంలో నిలబడ్డా ముందు రాయి, వెనక రాయి, వాటి చుట్టూ ఉన్న లోకం అంతా ఫ్రేములో పట్టేలా చూస్తుంది. లోతు తెచ్చేది మీ అడుగులే. సెల్ఫీలో ముక్కు పెద్దదిగా రావడానికీ కారణం ఇదే. ఫోను చేతి దూరంలోనే ఉంటుంది కదా.

## దేన్ని బట్టి పోల్చాలి

దూరం గురించి చెప్పుకున్నాం. దాని తర్వాత నేను చూసేవి ఇవి.

మూలల సాగుడు. మామూలు వైడ్ లెన్సు సరళరేఖల్ని సరళరేఖలుగానే ఉంచుతుంది. అందుకు మూల్యంగా ఫ్రేము అంచుల్లో ఉన్న వస్తువుల్ని బయటివైపుకు సాగదీస్తుంది. గుండ్రటి బంతి మూలలో గుడ్డులా మారుతుంది. ఇది లెన్సు లోపం కాదు, జ్యామితి. ఎంత ఖరీదైన లెన్సయినా తప్పించుకోలేదు. గోడలు పీపాలా ఉబ్బినట్టు కనిపించే వంపు వేరే సంగతి. అది లెన్సు లోపమే, దాన్ని సాఫ్ట్‌వేర్ తేలిగ్గా సరిచేస్తుంది. ఈ రెండింటినీ కలిపి "డిస్టార్షన్" అనేసి కంగారు పడేవాళ్లు చాలామంది.

కనిష్ఠ ఫోకస్ దూరం. దగ్గరికి వెళ్లడమే వైడ్ లెన్సు ఆట అయినప్పుడు, ఎంత దగ్గర వరకు ఫోకస్ అవుతుందో చూడకుండా కొనడం పొరపాటు. స్పెసిఫికేషన్లలో ఇచ్చే ఆ దూరాన్ని సెన్సర్ నుంచి కొలుస్తారు, లెన్సు ముందు గాజు నుంచి కాదు. 25 సెంటీమీటర్లు అని రాసి ఉంటే అందులో కెమెరా లోపలి దూరమూ లెన్సు పొడవూ పోగా మిగిలేది గుప్పెడంత జాగా కావచ్చు.

ముందు గాజు ఆకారం. 14 ఎం.ఎం. లాంటి లెన్సుల్లో చాలావాటికి ముందు గాజు బుడగలా ఉబ్బి ఉంటుంది. మామూలు స్క్రూ ఫిల్టర్లు బిగించడం కుదరదు. పెద్ద హోల్డరు, 150 ఎం.ఎం. చదరపు ఫిల్టర్లు మోయాల్సి వస్తుంది. నీటి ప్రవాహాన్ని పాలలా తీయాలని కలలు కనేవాళ్లు ఈ ఒక్క విషయం ముందే చూసుకుంటే బోలెడంత టెన్షన్ తప్పుతుంది.

ఇక అపర్చర్, అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రం (ఎఫ్/ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది), రాత్రి ఆకాశం తీసేవాళ్లకు ముఖ్యం, మిగతావాళ్లకు పెద్దగా కాదు. బరువు అందరికీ ముఖ్యమే, కాకపోతే కొన్న రెండో నెలలో గానీ తెలిసిరాదు.

కింది పట్టిక ఫుల్ ఫ్రేమ్ (36×24 ఎం.ఎం. సెన్సర్) కెమెరా లెక్క. మూడో గడిని కాస్త శ్రద్ధగా చూడండి. మీటరు వెడల్పున్న వస్తువు, అంటే చేతులు కాస్త చాచి నిలబడ్డ మనిషి లాంటిది, ఫ్రేమును అడ్డంగా నింపాలంటే మీరు ఎంత దూరంలో ఉండాలో అది చెబుతుంది.

| ఫోకల్ లెంగ్త్ | అడ్డంగా కోణం | మీటరు వెడల్పు నిండాలంటే దూరం | మూలలో బంతి సాగేది | ఎఫ్/8లో ఎక్కడ ఫోకస్ చేస్తే అనంతం దాకా స్పష్టం |
|---|---|---|---|---|
| 35 ఎం.ఎం. | 54° | 97 సెం.మీ. | 1.2 రెట్లు | 5.1 మీటర్లు |
| 28 ఎం.ఎం. | 65° | 78 సెం.మీ. | 1.25 రెట్లు | 3.3 మీటర్లు |
| 24 ఎం.ఎం. | 74° | 67 సెం.మీ. | 1.35 రెట్లు | 2.4 మీటర్లు |
| 20 ఎం.ఎం. | 84° | 56 సెం.మీ. | 1.5 రెట్లు | 1.7 మీటర్లు |
| 16 ఎం.ఎం. | 97° | 44 సెం.మీ. | 1.7 రెట్లు | 1.1 మీటర్లు |
| 14 ఎం.ఎం. | 104° | 39 సెం.మీ. | 1.8 రెట్లు | 0.8 మీటర్లు |

చివరి గడిలో ఉన్న దూరానికి ఫోకస్ పెడితే, అందులో సగం దూరం నుంచి అనంతం వరకు తగినంత స్పష్టంగా వస్తుంది. 16 ఎం.ఎం.లో ఎఫ్/8 పెట్టి 1.1 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే అర మీటరు పైనున్నవన్నీ పని జరిగేంత స్పష్టం. పెద్ద ప్రింటు వేసేవాళ్లు ఎఫ్/11కి వెళ్లండి. ఈ లెక్కలు పాత కాలపు ప్రింటు సైజుల్ని బట్టి కట్టినవి, కాస్త ఉదారంగా ఉంటాయి.

మీది క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నది) అయితే ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో గుణించండి. కెనాన్ క్రాప్ అయితే 1.6, ఇంకా చిన్న సెన్సరైన మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే 2. అంటే ఫుల్ ఫ్రేములో 16 ఎం.ఎం. ఇచ్చే చూపు కావాలంటే మీకు 10 లేదా 11 ఎం.ఎం. లెన్సు కావాలి, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 8. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సు మీ దగ్గర ఉంటే అందులో 18 అంటే ఇప్పటికే సుమారు 28. ఇక పక్కన 28, 24 అంటూ కొత్త లెన్సు వెతుక్కోవడంలో అర్థం లేదు, ఇంకా కిందికి దిగాలి.

## 35, 28: మొదలుపెట్టడానికి

వీటి మీద ఎక్కువ సేపు ఉండను. 35 ఎం.ఎం.ను చాలామంది వైడ్ లెన్సుగా లెక్కవేయరు కూడా. మనుషుల్ని వాళ్ల పరిసరాలతో కలిపి, "ఇది వైడ్ లెన్సుతో తీశారు" అనిపించకుండా చూపించాలంటే ఇవి బంగారం. మనిషి ఫ్రేము అంచుకొచ్చినా తల సొరకాయలా మారదు. సృజనాత్మకమైన అతిశయం కావాలనుకుంటే మాత్రం ఇవి మీకు చప్పగా అనిపిస్తాయి. ఫోన్ల ప్రధాన కెమెరా చాలావాటిలో 24 నుంచి 26 ఎం.ఎం. చూపు ఇస్తుంది, కాబట్టి ఫోనుతోనే పెరిగిన కంటికి 28 అసలు వైడ్‌లా కనిపించదు.

## 24: ఎవరితోనైనా సర్దుకుపోయేది

ఒక్క వైడ్ లెన్సే కొంటాను, అది అన్నింటికీ పనికిరావాలి అంటే నా సమాధానం 24. మూలలో సాగుడు ఉంటుంది గానీ, మనిషిని మధ్య సగంలో ఉంచితే ఎవరూ గుర్తుపట్టరు. గదిలో తిరిగే పిల్లాడిని నేల మీద కూర్చుని ముప్పావు మీటరు దూరం నుంచి తీస్తే, వాడి చేతిలోని బొమ్మ ముందుకు దూకినట్టు, వెనక గదంతా వాడి సామ్రాజ్యం అన్నట్టు వస్తుంది. కెమెరా వాడి కంటి ఎత్తులో ఉండాలన్నది మర్చిపోవద్దు. వైడ్ లెన్సుతో నిలబడి కిందికి తీస్తే తల పెద్దది, కాళ్లు చిన్నవి అయిపోతాయి.

24లో ఎఫ్/1.4 లెన్సులు దొరుకుతాయి. దగ్గరికి వెళ్లి అపర్చర్ పూర్తిగా తెరిస్తే, వైడ్ కోణం ఉన్నా వెనక భాగం మెత్తగా కరిగిపోతుంది. పరిసరాలు కనిపిస్తూనే ఉంటాయి, కానీ అరవవు. ఈ రూపం జూమ్ లెన్సుల్లో అంత సులువుగా రాదు.

ఇప్పటికే 24-70 జూమ్ ఉన్నవాళ్లకు ఇక్కడో మాట. కోణం కోసం 24 ప్రైమ్ (జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్సు) కొనకండి, అది మీ దగ్గర ఉంది. ఆ ఎఫ్/1.4 కోసమో, రాత్రి ఆకాశం కోసమో అయితేనే కొనండి.

## 20: నేను ఎక్కువగా వాడేది

ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. 20 ఎం.ఎం. అటు 24లాగా మర్యాదగా ఉండదు, ఇటు 14లాగా ప్రతి ఫొటోలోనూ "నేనున్నాను" అని అరవదు. నేల మీద పెట్టి తీస్తే ఎండుటాకు ఓడంత అవుతుంది. నీటి గుంటకు రెండు అంగుళాల ఎత్తులో కెమెరా పట్టుకుంటే ఆ చారెడు నీళ్లే చెరువై ఆకాశాన్నంతా మోస్తాయి. చాలా 20 ఎం.ఎం. ప్రైములకు ముందు గాజు చదునుగానే ఉంటుంది కాబట్టి మామూలు ఫిల్టర్లు పడతాయి. సోనీ 20 ఎఫ్/1.8 జీ 373 గ్రాములు, నికాన్ జెడ్ 20 ఎఫ్/1.8 ఎస్ 505 గ్రాములు. రోజంతా మెడలో వేసుకు తిరిగినా గొడవ లేదు.

ఒక చిట్కా ఇక్కడే చెప్పేస్తాను, ఇది 16కీ పనికొస్తుంది. నడుస్తున్న బస్సులోనో రైలులోనో ముందుకు చూస్తూ, కెమెరాను కదలకుండా ఆనించి, షట్టర్‌ను సెకనులో నాలుగో వంతుకు పెట్టి నొక్కండి. బయటి దృశ్యంలో మీరు వెళ్తున్న దిక్కున ఉన్న బిందువు స్పష్టంగా నిలబడుతుంది, అంచులకు పోయే కొద్దీ అన్నీ గీతలుగా సాగిపోతాయి. అంచులు దగ్గరి వస్తువులతో నిండి ఉంటాయి కాబట్టి వైడ్ లెన్సులో ఈ వేగం రెట్టింపుగా అనిపిస్తుంది. దూరాన్ని దగ్గరగా చూపే టెలీ లెన్సుతో ప్రయత్నిస్తే మిగిలేది మసకే.

## 16, 14: కత్తి లాంటివి

పట్టుకోవడం తెలిస్తే పని చేస్తాయి, లేకపోతే మన వేలే తెగుతుంది. 14లో మీటరు వెడల్పు నింపాలంటే 39 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి. అపరిచితుడి ముఖం ముందు అంత దగ్గర కెమెరా పెట్టగలరా? నేను పెట్టలేను. అందుకే మనుషుల ఫొటోలకు ఈ లెన్సు తీయడం మానేశాను. రాయికీ వేరుకీ మెట్టుకీ ఆ మొహమాటం ఉండదు కదా.

వీటితో బాగా వచ్చేవి చూడండి. ముందు ఏదో ఒక ఆకృతి ఉండి, దాని గీతలు లోపలికి దారితీసే దృశ్యాలు: పగుళ్లిచ్చిన నేల, ఇసుకలో అలల చారలు, చెట్టు వేళ్లు, గుండ్రంగా తిరిగే మెట్లు. కింద పడుకుని నిటారుగా పైకి తీస్తే అడవిలో చెట్లన్నీ ఒకే బిందువు వైపు పరుగెడతాయి. నిలువు గీతలు ఒరగడం తప్పు అని పుస్తకాల్లో చదువుకున్నాం గానీ, అయిదు డిగ్రీలు ఒరిగితేనే అది తప్పులా కనిపిస్తుంది. పూర్తిగా ఒరిగితే ఉద్దేశమవుతుంది. మధ్యలో ఆగిపోయినవే చూడ్డానికి బాగోవు.

మూలల సాగుడును శత్రువుగా కాక పనివాడిగా వాడుకున్నవాళ్లున్నారు. బ్రిటన్ ఫొటోగ్రాఫర్ బిల్ బ్రాంట్ పాత చెక్క కెమెరాతో, దానికున్న వైడ్ లెన్సుతో మానవ దేహాన్ని అతి దగ్గర నుంచి తీసి, చేతినీ చెవినీ సముద్రపు ఒడ్డున కొండరాళ్లలా కనిపించేలా చేశాడు. మేఘాలు ఫ్రేము మూలల్లో ఉంటే వాటిని ఈ లెన్సు మనవైపు దూసుకొస్తున్నట్టు సాగదీస్తుంది, ఎవరూ అభ్యంతరం చెప్పరు. మేఘం అసలు ఆకారం ఎవరికి తెలుసు కనుక? అదే మూలలో మనిషి తల ఉంటే చూసినవాళ్లు వెంటనే ముఖం చిట్లిస్తారు. మూలల్లో ఏముంచాలో ఎంచుకోవడమే ఈ లెన్సు విద్య.

బలహీనతలు కూడా గట్టివే. దూరంగా ఉన్నవన్నీ చితికిపోతాయి. చందమామ ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పు. 24 మెగాపిక్సెళ్ల కెమెరాకు 14 పెట్టి తీస్తే దాదాపు ఇరవై పిక్సెళ్ల చుక్కగా మిగులుతుంది. కొండలదీ అదే గతి. ఆకాశాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ వీటితో కలవదు: సూర్యుడికి 90 డిగ్రీల దిక్కులో ఆకాశం బాగా నల్లబడుతుంది, మిగతా దిక్కుల్లో నల్లబడదు. వంద డిగ్రీలు పట్టే ఫ్రేములో అది ఆకాశం మధ్య మరకలా కనిపిస్తుంది.

సూర్యుడు ఫ్రేములోనే ఉండే ఫొటోలకు మాత్రం ఇవి సరదా. సూర్యుడు చిన్న చుక్కగా ఉంటాడు కాబట్టి ఎఫ్/16 దగ్గర కొమ్మ అంచునో గోడ అంచునో సగం దాచి తీస్తే కిరణాల నక్షత్రం వస్తుంది. అపర్చర్ రెక్కలు సరి సంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి అయితే రెట్టింపు. తొమ్మిది రెక్కలుంటే పద్దెనిమిది కిరణాలన్న మాట. నాకు పద్దెనిమిదే ఇష్టం. ఇది శుద్ధ రుచి విషయం.

## జూమా, ప్రైమా

16-35, 14-24 లాంటి జూమ్‌లు చాలామందికి సహజమైన ఎంపిక. కాలు మోపలేని చోట, అంటే కొండ అంచున, నీళ్ల గట్టున, జనం మధ్య, జూమ్ ఉండటం వరమే. దుమ్ములో లెన్సులు మార్చే బాధా తప్పుతుంది.

నా ఫిర్యాదు ఒక్కటే. వైడ్ జూమ్ చేతిలో ఉంటే నిలబడ్డ చోటే కోణం తిప్పుతూ ఉండిపోతాం. రెండు రాళ్ల లెక్క గుర్తుందా? జూమ్ తిప్పితే ఏడు రెట్లు రెండు రెట్లు కాదు, అంచులు కత్తిరించినట్టవుతుంది అంతే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ప్రైమ్ చెప్పేది దీనికోసమే. పనిగా తీసేవాళ్లకు, పెళ్లిళ్లో వార్తలో కవర్ చేసేవాళ్లకు, జూమే. అక్కడ నేర్చుకునే తీరిక ఉండదు.

ఇదంతా చదివాక కూడా జూమ్ కొనాలనిపిస్తే 14-24 కంటే 16-35 వైపు చూడండి. 35 చివర ఉండటం వల్ల అది రోజంతా కెమెరా మీదే ఉండగలదు, పైగా చాలావాటికి మామూలు ఫిల్టర్లు పడతాయి.

## ఫిష్ ఐ

చేప నీటి అడుగు నుంచి పైకి చూస్తే, నీటి మీది అర్ధగోళమంతా దానికి 97 డిగ్రీల శంకువులో ఇరికి కనిపిస్తుంది. కాంతి నీటిలోకి దిగేటప్పుడు వంగడం వల్ల జరిగే తమాషా అది. భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో దీని గురించి రాస్తూ వాడిన మాటే ఫిష్ ఐ. 1924లో రాబిన్ హిల్ ఆకాశమంతా ఒకే ఫొటోలో పట్టే లెన్సు చేశాడు, మేఘాలను చూడటానికి. తర్వాత నికాన్ 220 డిగ్రీలు చూసే 6 ఎం.ఎం. ఎఫ్/2.8 కూడా చేసింది. బరువు అయిదు కిలోల పైనే. అంటే ఆ లెన్సు తన వెనక నిలబడ్డ ఫొటోగ్రాఫర్ చెప్పుల్ని కూడా చూడగలదు!

ఫిష్ ఐను బొమ్మ లెన్సుగా కొట్టిపారేయడం తొందరపాటు. మామూలు వైడ్ లెన్సు గీతల్ని కాపాడి ఆకారాల్ని సాగదీస్తుందని చెప్పాను కదా. ఫిష్ ఐ దానికి తిరగేసిన బేరం: గీతల్ని వంచి, ఆకారాల్ని కొంతవరకు కాపాడుతుంది. కాబట్టి అడవి, గుహ, గుంపుగా మనుషులు, నీటి అడుగు లాంటి గీతలు లేని దృశ్యాల్లో ఇది 14 కంటే సహజంగా కనిపించవచ్చు. ఫ్రేము మధ్య నుంచి పోయే గీత ఎటూ వంగదు. క్షితిజాన్ని సరిగ్గా మధ్యలో పెడితే చూసేవాళ్లకు అది ఫిష్ ఐ అని వెంటనే తట్టదు. కెమెరా పైకెత్తితే క్షితిజం గిన్నెలా, కిందికి దించితే భూగోళం అంచులా వంగుతుంది. ఆ వంపే మీ బొమ్మలో భాగమైతే సరే.

అయినా దీన్ని మొదటి లెన్సుగా కొనమని చెప్పను. ఏడాదిలో పదిసార్లు తీస్తారు. ఆ పదిసార్లూ ఇంకేదీ ఆ పని చేయలేదు, అది నిజమే. అద్దెకు దొరికితే అద్దెకు తీసుకోండి.

## టిల్ట్ షిఫ్ట్

భవనాలు, గదులు తీసేవాళ్ల కోసం. కెమెరాను పైకెత్తకుండా లెన్సునే పైకి జరిపి నిలువు గీతల్ని నిలువుగా ఉంచుతుంది. కెనాన్ 17, 24, నికాన్ 19 ఇందులో పేరున్నవి. ఆటో ఫోకస్ ఉండదు, బరువు, ఖరీదు.

వృత్తిగా భవనాలు తీయనివాళ్లకు దీనికో పేదవాడి ప్రత్యామ్నాయం ఉంది. 14 పెట్టి, కెమెరాను సమతలంగా నిలువుగా పట్టి తీసి, కింది ఖాళీ నేలనూ రెండు పక్కలనూ కత్తిరించేయండి. 12 ఎం.ఎం. జరిపిన 24 ఎం.ఎం. షిఫ్ట్ లెన్సు ఇచ్చే దృశ్యమే వస్తుంది. కాకపోతే పిక్సెళ్లలో మూడో వంతే మిగులుతాయి. 45 మెగాపిక్సెళ్ల కెమెరాలో 15 మిగిలినా తెర మీద చూడటానికి ధారాళం.

## దగ్గరగా ఫోకస్ చేసే వైడ్

ఈ మధ్య నన్ను ఎక్కువ ఊరిస్తున్నది ఈ రకం. పురుగును మాక్రో లెన్సుతో తీస్తే పురుగు మాత్రమే వస్తుంది. వెనకంతా రంగు ముద్ద. వైడ్ మాక్రోతో తీస్తే పురుగు, అది కూర్చున్న కొమ్మ, ఆ కొమ్మ ఉన్న తోట, పైన వాన మబ్బు అన్నీ ఒకే కథలోకి వస్తాయి. కెనాన్ ఆర్‌ఎఫ్ 24 ఎఫ్/1.8 మాక్రో 14 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ అయి, వస్తువును సెన్సర్ మీద దాని అసలు సైజులో సగం వరకు చూపుతుంది. అదే కంపెనీ ఆర్‌ఎఫ్ 16 ఎఫ్/2.8 బరువు 165 గ్రాములే, 13 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది. లావోవా 15 ఎఫ్/4 పూర్తిగా అసలు సైజు వరకు వెళ్తుంది గానీ అప్పటికి వస్తువు గాజుకు దాదాపు తగులుతూ ఉంటుంది.

సమస్య కూడా అదే. అంత దగ్గరలో లెన్సు నీడే వస్తువు మీద పడుతుంది, పురుగు ఎగిరిపోతుంది. సూర్యుడు పక్కనో వెనకో ఉన్నప్పుడు, ఉదయపు చల్లదనంలో పురుగులు మందకొడిగా ఉన్నప్పుడు తీయాలి. ఓపిక లేనివాళ్లు పూలతో మొదలుపెట్టండి, అవి ఎటూ పోవు.

## మీరు ఏ రకం?

నక్షత్రాలు తీసేవాళ్లు. 14 ఎఫ్/2.8, 24 ఎఫ్/1.4 మధ్య ఊగిసలాడేవాళ్లు చాలామంది. కాంతి లోపలికి వచ్చే రంధ్రం వ్యాసం చూడండి. మొదటిదానికి 5 ఎం.ఎం., రెండోదానికి 17. ఒక్కో నక్షత్రం నుంచి ఒక్కో సెకనుకు 24 పట్టే కాంతి దాదాపు పన్నెండు రెట్లు. భూమి తిరగడం వల్ల నక్షత్రాలు గీతలు కాకుండా ఉండాలంటే 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించినన్ని సెకన్లే తెరవాలన్నది పాత లెక్క: 24కు సుమారు 20 సెకన్లు, 14కు 35. ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరాలకు 300తో మొదలుపెట్టడం మేలు. ఆ అదనపు సమయం కలిపినా 24 దాదాపు ఏడు రెట్లు ముందుంటుంది. కాబట్టి పాలపుంత మెరవాలంటే 24, పాలపుంత విల్లులా ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఫ్రేములో పట్టాలంటే 14. రెండింటి మధ్య 20 ఎఫ్/1.8 ఉంది, అది నా రాజీ. అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు మూలల్లో నక్షత్రాలు రెక్కలు చాచిన పిట్టల్లా కనిపిస్తే కంగారు పడకండి, ఒక స్టాప్ మూస్తే (లోపలికి వచ్చే కాంతిని సగం చేస్తే) చాలావరకు సర్దుకుంటుంది.

ప్రయాణంలో ఒకటే లెన్సు మోసేవాళ్లు. 24 లేదా 16-35. నిర్ణయం బరువు మీద వదిలేయండి.

మనుషుల్ని తీసేవాళ్లు. 28 లేదా 24. 20 కంటే కిందికి దిగితే మీ స్నేహితులు మీ ఫొటోల్ని తమ ప్రొఫైల్‌లో పెట్టుకోరు.

కెమెరాను తనవైపు తిప్పుకుని వీడియో తీసేవాళ్లు. చేతి దూరం నుంచి ముఖం, భుజాలు, వెనక కాస్త చోటు రావాలంటే 20 నుంచి 16 కావాలి. వీడియోలో కుదుపు తగ్గించే ఏర్పాటు ఫ్రేము అంచుల్ని కొంత కత్తిరిస్తుంది. అందుకని అనుకున్నదానికంటే ఒక మెట్టు వైడ్ తీసుకోండి.

ఫోను మాత్రమే ఉన్నవాళ్లు. మీ ఫోనులో అల్ట్రావైడ్ కెమెరా ఉంటే అది చాలావాటిలో 13 ఎం.ఎం.కు దగ్గరి చూపు. లెన్సు మరీ చిన్నది కాబట్టి నేలకు ఒక సెంటీమీటరు ఎత్తులో పెట్టొచ్చు. పెద్ద కెమెరాతో నేను చచ్చినా చేయలేని పని అది. ఫోనును తలకిందులుగా పట్టుకుంటే కెమెరా నేలకు ఆనుతుంది. చీకట్లో మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

## డబ్బు పెట్టే ముందు

ఆ ఫోను అల్ట్రావైడ్‌తోనే రెండు వారాలు తీసి చూడండి. తీసిన ప్రతి ఫొటోలో మీకు అత్యంత దగ్గరగా ఉన్న వస్తువు ఎంత దూరంలో ఉందో అంచనా వేసి పక్కన రాసుకోండి. ఎక్కువ వాటిలో రెండు మీటర్లు దాటితే మీకు 14 వద్దు, 24 లేదా 28 చాలు. మీటరు లోపే ఉంటే 20, 16 మీ చేతిలో బతుకుతాయి. ఇప్పటికే జూమ్ లెన్సు ఉన్నవాళ్లు పాత ఫొటోల వివరాల్లో ఫోకల్ లెంగ్త్ చూసుకోవచ్చు. అతి వైడ్ చివర తీసినవి ఎక్కువగా ఉంటే, వాటిలో ఎన్ని మీకు నచ్చాయో కూడా లెక్కపెట్టండి. నా విషయంలో ఆ రెండో లెక్క మొదటిదాన్ని తారుమారు చేసింది.

లెన్సు చేతికొచ్చిన రోజే ఒక పరీక్ష చేయండి. ఇటుకల గోడకు ఎదురుగా కెమెరాను స్టాండు మీద సమాంతరంగా పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి ఒకటి, ఎఫ్/8లో ఒకటి తీయండి. నాలుగు మూలలూ సమానంగా మెత్తగా ఉంటే అది ఆ లెన్సు స్వభావం, దానితో బతకొచ్చు. మూడు పదునుగా ఉండి ఒక్క మూల మాత్రమే మసకగా ఉంటే ముందు కెమెరా నిజంగా సమాంతరంగా ఉందో లేదో సరిచూసి, కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. గోడ మీద చోటు మారినా ఫ్రేములో అదే మూల మసకగా వస్తే లోపలి గాజు ఒకటి పక్కకు ఒరిగి ఉంటుంది. వైడ్ లెన్సుల్లో ఇది కాస్త ఎక్కువగానే ఎదురవుతుంది, సాఫ్ట్‌వేర్‌తో సరికాదు. గడువు దాటకముందే తిప్పి పంపి ఇంకొకటి తెప్పించుకోండి.